గోళ్ళరంగు గీత

అలంకార్ సెంటర్లో, ధర్నా చౌక్ దగ్గర
పొద్దున ఏడింటికే వైర్లు పరుస్తాను.
ఎండ ఇంకా రైల్వేస్టేషన్ అవతలే ఉంటుంది,
టెంటు కర్రలకి రాత్రి వాన తడి.
"హలో, హలో, వన్ టూ త్రీ"
ఈ చౌక్‌లో రోజూ మొదటి ప్రసంగం నాదే.
దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు,
ఎవరూ కేసూ పెట్టరు.

నా పేరు కొండ్రు జకరయ్య.
బేతెస్ద సౌండ్స్, సింగ్‌నగర్.
రెండు హారన్లు, రెండు బాక్సులు, ఒక యాంప్లిఫయరు,
మెడకి టేపు చుట్టిన మైకు ఒకటి.
అంగన్‌వాడీ అమ్మలు మాట్లాడారు దీంట్లో,
స్టీలు డబ్బాల్లో పులిహోర పక్కన పెట్టుకుని.
బుడమేరు నీళ్ళు ఇంట్లోకొచ్చిన ఒకాయనకి
మాట రాలేదు. మైకు పట్టుకుని
పావుగంట ఏడ్చాడు. హారన్లు ఆ ఏడుపుని
ఏలూరు రోడ్డు దాకా మోశాయి.

తీగకి కులం తెలీదు అంటారు.
తీగ మోసేవాడికి తెలుసు.
మా పేట పేరు చెప్పగానే
టీ గ్లాసు మార్చినవాళ్ళ సభకీ మైకు కట్టాను.
మా ప్రార్థన మందిరాన్ని కూల్చాలని
అరవడానికొచ్చిన వాళ్ళకీ కట్టాను.
ఆ రోజు వాల్యూం బొత్తాం మీద నా వేలుంది.
ఒక్క రవ్వ వెనక్కి తిప్పితే
ఆ మాట పక్కసందు కూడా దాటదు,
కరెంటు తగ్గిందనుకుంటారు.
బొత్తాం పక్కన మా అమ్మాయి కెజీయా
చిన్నప్పుడు పెట్టిన గోళ్ళరంగు గీత.
ఎర్రటిది, ఆరు మీద.
"నాన్నా, ఇక్కడుంటే అందరికీ వినబడుద్ది."
బొత్తాం ఆరు మీదే ఉంచాను.
పళ్ళు కొరుక్కుంటూ మొత్తం విన్నాను.
తర్వాతి వారం అదే చోట, అదే గీత మీద
మా పాస్టరుగారు జవాబు చెప్పారు.
ఆయన మాట్లాడింది బాలేదు, అది వేరే సంగతి.

మునిసిపల్ స్వీపర్ల సమ్మె మూడో రోజు
ఒక తెల్లచొక్కా కారు దిగాడు.
"వీళ్ళకి ఇవ్వమాక."
ఎందుకండీ అన్నాను.
"ఎందుకంటావేంట్రా" అన్నాడు.
ఆ సాయంత్రం, అనుమతి కాగితం జేబులో ఉండగానే,
నా యాంప్లిఫయర్ని జీపెక్కించారు.
స్వీపర్లు ఉత్త గొంతులతోనే అరిచారు,
హారన్లు ఖాళీ గరాటుల్లా చూస్తూ ఉండిపోయాయి.

పదకొండు వారాలు తిరిగాను.
కోర్టు వరండా బెంచీ మీద నా పక్కన
కోళ్ళ దొంగతనం కేసులో ఒక ముసలాయన
రోజూ కునికిపాట్లు పడేవాడు.
నాగేంద్రమణి అనే లాయరమ్మ
ఫీజు తర్వాత చూద్దాంలే అంది.
జడ్జిగారు కళ్ళజోడు మీంచి ఒక్కటే అడిగారు:
"ఏ సెక్షన్ కింద తీసుకున్నారు?"
ఎస్సైగారు కాగితాలు తిరగేశారు.
ముందుకి. వెనక్కి. మళ్ళీ ముందుకి.
ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే.
అంత బలమున్నవాళ్ళు ఒక కాగితం ముక్క కోసం
వెతుక్కోవడం నేను ముందెప్పుడూ చూళ్ళేదు.

ఓట్లయ్యాయి. గోడల మీద రంగులు మారాయి.
మొన్న తెల్లచొక్కా మా షాపుకొచ్చాడు,
ఈసారి నడిచి. చొక్కా కాస్త నలిగింది.
"మా వాళ్ళని అన్యాయంగా లోపలేశారు, జకరయ్యగారూ.
మైకు కావాలి."
ఆ 'గారూ' విని మా ఆవిడ లోపల్నుంచి నవ్వింది.
ఇస్తే అన్నం పెట్టనని కూడా అంది.

పెట్టలేదు. ఆ రాత్రి బండి దగ్గర ఇడ్లీ తిన్నాను.

ఆయన మాట్లాడుతుంటే
రోడ్డు ఊడుస్తున్న పోలమ్మ చీపురు ఆపి
నావైపు చూసింది.
నేను బొత్తాం వైపు చూశాను.
ఎర్రగీత సగం చెరిగిపోయింది,
ఎక్కడుండాలో వేలికి తెలుసు.
ఇంకా ఆరొందలు బాకీ ఉన్నాడు ఆయన.

పోలమ్మ ఏమీ అనలేదు.
దుమ్ము స్టేజీ మీదికి లేచేలా
కాస్త గట్టిగా ఊడ్చింది.
దానికీ ఏదో సెక్షన్ ఉండే ఉంటుంది.
నేను అడగలేదు.